చివరికి వచ్చినవాళ్ళ బకెట్టు

మా మేడలో ఎవరు చివరికి వచ్చి చేరితే వాళ్ళు మెట్లు కడగాలి. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో నన్నడక్కండి. నేను కాపరానికి వచ్చిన నాడే నా గుమ్మం ముందు నీలం బకెట్టు, దాని మీద తుడుపు గుడ్డ, పక్కన చీపురు ఉన్నాయి. పాపం ఎవరో కొత్త పెళ్ళికూతురికి బహుమతి పెట్టారనుకుని లోపలికి తీసుకుపోయి మా ఆయన చొక్కాలు నానేశాను. మర్నాడు కింద వాటావాళ్ళు వచ్చి, అది కాదమ్మాయ్ సంగతి అని చెప్పారు.

ఆ తర్వాత నేను కడగని మెట్టు లేదు. మెట్లు కడుగుతూనే పెద్దవాడికి నీళ్ళోసుకున్నాను. కడుగుతూ కడుగుతూ వీధి వైపు చూసేదాన్ని, ఏ బండి మీదైనా మంచాలు, పరుపులు కనిపిస్తాయేమో, మా గేటు ముందు ఆగుతాయేమో అని. చివరికి ఒక గడియారాలు బాగుచేసే ఆయన కుటుంబంతో దిగాడు. ఆ రోజు నా సంతోషం చూడాలి మీరు. వాళ్ళ సామాను సగం నేనే మోశాను. వాళ్ళ పిల్లని చంకనేసుకున్నాను. ఇంత మంచి మనుషులు ఉంటారనుకోలేదండీ అని గడియారాలాయన భార్య కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం అయ్యాక బకెట్టు ఇచ్చాను.

అలా, మా మేడకి ఎవరొచ్చినా, ఏ దేశం నుంచి వచ్చినా, ఏ భాష మాట్లాడినా, ఒక్క మనిషి మాత్రం ఎదురెళ్ళి నవ్వు మొహంతో లోపలికి తీసుకొస్తుంది. మిగతావాళ్ళు తలుపు సందులోంచి చూస్తారు.

ఆఖరుగా వచ్చినవాళ్ళు వెల్డరు, వాళ్ళమ్మ. సరిహద్దు అవతలి మనుషులు. పై అంతస్తులో, నీళ్ళ ట్యాంకు ఇవతలి గదిలో దిగారు. వెల్డరుకి మన భాష బాగానే పట్టుబడింది. ఆవిడకి మాత్రం నాలుగు ముక్కలే వచ్చు. రా, టీ, నాది, మోసం. ఈ ఆఖరుది నా దగ్గర నేర్చుకుంది, పేకాటలో. మధ్యాహ్నాలు మేమిద్దరం రెండో అంతస్తు మలుపులో చాప వేసుకుని పేక వేసేవాళ్ళం. ఆవిడ రాణిని తొడ కింద దాస్తుంది. నేను రాజుని కొంగులో దాస్తాను. ఎవరు ముందు పట్టుబడితే వాళ్ళని రెండోవాళ్ళు మోసం మోసం అని వేలు చూపించడం, ఆ తర్వాత టీ. నేను ఆవిడని వదినా అంటాను. ఆవిడ నన్నేమంటుందో నాకు తెలీదు గానీ ముద్దుగానే అంటుంది. నా కష్టాలన్నీ ఆవిడకి చెప్పాను. ఆవిడవన్నీ నాకు చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు కాబట్టి ఇద్దరిలో ఎవరం సలహాలు ఇవ్వలేదు, అందుకే అంత బాగా కుదిరింది.

ఆవిడ మెట్లు కడిగే పద్ధతి ఒకటి చెప్పాలి. లోకమంతా పైనుంచి కిందికి కడుగుతుంది. మా వదిన కింది నుంచి పైకి కడుగుతుంది. పై మెట్ల మురికంతా కడిగిన మెట్ల మీదికి దిగుతుంది. అప్పుడు మళ్ళీ కిందికొచ్చి మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఇలా కాదు వదినా అని నేను చేత్తో చూపిస్తే, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, చీపురుతో నా పాదాలు పక్కకి జరిపేది.

సరే, ఇదంతా ఇలా నడుస్తుండగా ఊళ్ళోకి సంఘాల గాలి వచ్చింది. కొత్తవాళ్ళు రాకూడదని ఒక సంఘం, రావాలని ఒక సంఘం. ప్రతి వీధికీ రెండేసి పుట్టాయి. మా వీధిలో మొదటిది పెట్టినవాడు హారన్. వాడు మా మేడలోనే, నా చేతుల మీదే పుట్టాడు. చిన్నప్పుడు మెట్ల మీద పాంపాం అంటూ పరిగెత్తేవాడు, అప్పటి నుంచి ఆ పేరు. పెద్దయ్యాక డ్రైవింగ్ స్కూలు పెట్టుకుని పేరు నిలబెట్టుకున్నాడు. నేర్పే కారుని వీధిలోకి నెట్టి, షెడ్డులో స్థానికుల హక్కుల సమితి అని బోర్డు కట్టాడు. కుర్చీలు, మైకు, సాయంత్రం బిస్కెట్లు. మనిషి చెడ్డవాడు కాదు. మైకు దొరికితే మాత్రం ఆగడు.

రెండోది అందరి వేదిక. దాన్ని నడిపేది కాలేజీలో పాఠం చెప్పే ఒక కళ్ళద్దాల మేడం. ఊరి అవతలి వైపు నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళ దగ్గర టీ ఇచ్చేవారు. మావాడు రెండింట్లోనూ సభ్యుడు. ఏ సిద్ధాంతంరా నీది అని అడిగితే, టీలో బిస్కెట్టు ముంచుకోవడం అమ్మా అన్నాడు. వీడితో మనకి పని లేదు, ముందుకి పోదాం.

మేడం మొదటిసారి మా మేడకి వచ్చినప్పుడు వదిన మెట్లు కడుగుతోంది. మేడం అక్కడే, తడి మెట్టు మీదే కూలబడింది. పరాయి దేశం నుంచి వచ్చిన ముసలమ్మ చేత చాకిరీ చేయిస్తారా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మంచి మనసే, ఆ మాట కాదనను. తర్వాత వెంట వచ్చినవాళ్ళ చేత ఫొటోలు తీయించింది, సాక్ష్యం అని చెప్పి బకెట్టు తీసుకుని బస్టాపు వైపు నడిచింది. వదిన వెంటపడింది. ఆ వయసులో అంత పరుగు నేనెప్పుడూ చూడలేదు. బస్సు కదిలిపోయింది. మర్నాడు వేదికవాళ్ళు వీధంతా అంటించిన పోస్టరులో వదిన చేతులు చాచి పరిగెడుతున్న ఫొటో, దాని కింద పెద్ద అక్షరాలతో స్వేచ్ఛ వైపు పరుగు అని.

హారన్ ఊరుకుంటాడా. మన మేడ సంప్రదాయాన్ని ఎత్తుకుపోయారని మైకు పగలగొట్టినంత పని చేశాడు. అచ్చం అలాంటిదే కొత్త నీలం బకెట్టు తెచ్చి, గాజు పెట్టెలో పెట్టి, షెడ్డులో బల్ల మీద నిలబెట్టాడు. ముట్టుకోవద్దు అని రాయించాడు. వాళ్ళ బ్యానరు మీద బకెట్టు బొమ్మ, వీళ్ళ బ్యానరు మీద బకెట్టు బొమ్మ. రెండు ఊరేగింపులు ఎదురుపడితే ఎవరు ఎవరో తెలియక కొంతమంది వెనక్కి తిరిగి ఎదుటివాళ్ళతో వెళ్ళిపోయేవారు.

మేడకి రెండు బకెట్లున్నాయి, ఒక్కదాంట్లోనూ చుక్క నీళ్ళు లేవు. మెట్లు జిడ్డుకట్టాయి. పాలవాడు గేటు దగ్గరే పెట్టేసి పోతున్నాడు. నేను కటకటాలు పట్టుకుని పక్కకి తిరిగి దిగడం నేర్చుకున్నాను. వదిన మాత్రం పేకకి రావడం మానేసింది. పై మెట్టు మీద కూర్చుని, గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని, తన గుమ్మం ముందు ఒక్క మెట్టు తుడుచుకునేది.

ఆ రోజుల్లోనే హారన్ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. బకెట్టు సంప్రదాయం నియమాలన్నీ గోడ మీద రాయిస్తున్నాను, నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు, చెప్పు పిన్నీ అన్నాడు. టీ పోసి చెప్పాను. చివరికి వచ్చినవాళ్ళు కడగాలి. వాళ్ళు మేడ ఖాళీ చేసి వెళ్ళిపోతే, వాళ్ళకి ముందు వచ్చినవాళ్ళ గుమ్మానికి బకెట్టు తిరిగి పోతుంది. ఒకసారి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చినవాళ్ళకి, మళ్ళీ వచ్చిన రోజు నుంచే లెక్క. ఆహా, ఏం నియమాలు పిన్నీ, పెద్దవాళ్ళు ఊరికే పెట్టారా అని వాడు మురిసిపోయాడు. షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో రాయించాడు. కింద, ఇందులో ఒక్క అక్షరం మార్చినా ఊరుకోం అని కూడా.

తర్వాతి వారం సమితి ఒక నినాదం ఎత్తుకుంది. మార్పు మన మెట్ల నుంచే. దాని అర్థం, వెల్డరునీ వాళ్ళమ్మనీ ముందు పంపించాలి, తర్వాత మిగతా ఊరి సంగతి చూద్దాం అని. మేడ యజమాని ఎక్కడో ఉంటాడు, మెతక మనిషి. అందరూ కూర్చుని ఏదనుకుంటే అదే చేస్తానన్నాడు. ఆదివారం మీటింగు పెట్టారు.

శనివారం వెల్డరు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇది మాకు ఎన్నో ఇల్లో లెక్క మర్చిపోయాను బామ్మగారూ, అమ్మ ఈసారి మూట కట్టనంటోంది, ఇంకో చోట మెట్లు ఎక్కే ఓపిక లేదంటోంది, రేపు వాళ్ళు పొమ్మంటే ఏం చెప్పి దింపాలో తెలీడం లేదు అన్నాడు. వాడు వెళ్ళాక పేకముక్కలు తీసి ఒక్కదాన్నే పరుచుకున్నాను. అవతల మోసం చేసే మనిషి లేకపోతే పేకంత దండగమారి పని ఇంకోటి లేదు.

ఆదివారం మీటింగు మెట్ల మీదే. అంతమందికి వేరే చోటు లేదు. జిడ్డుకి భయపడి అందరూ కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. హారన్ కింద గేటు దగ్గర మైకు పట్టుకుని, పైకి చూస్తూ మాట్లాడాడు. వెల్డరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వదిన రెండో అంతస్తు మలుపులో, నా పక్కన, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి మాటలు అర్థం కాకపోయినా సంగతి తెలుసు.

హారన్ చాలాసేపు మాట్లాడాడు. మన మేడ, మన నీళ్ళు, మన గాలి. అందరూ తలలూపారు. ఇక చేతులెత్తండి అనబోతుంటే నేను అడిగాను.

"ఒరేయ్ నాన్నా, నాదొక చిన్న సందేహం. వీళ్ళు వెళ్ళిపోతే బకెట్టు ఎవరి గుమ్మానికి వెళ్తుంది?"

"గోడ మీద రాయించాను కదా పిన్నీ. వీళ్ళకి ముందు వచ్చినవాళ్ళ గుమ్మానికి."

"ఆ వచ్చిందెవరు?"

అక్కడి నుంచి గొడవ మొదలైంది. నేను కాదంటే నేను కాదు. గడియారాలాయన కొడుకు, మేం నేలలో మొలిచినంత పాతవాళ్ళం అన్నాడు. మూడో అంతస్తు నర్సు తన పిల్లల వయసులు చెప్పి తప్పించుకుంది. ఒక్కొక్కరే తప్పుకుంటూ తప్పుకుంటూ, అందరి చూపులూ కింద మైకు దగ్గరికి చేరాయి.

"నా వైపు చూస్తారేంటి? నేను ఈ మేడలో పుట్టాను."

"పుట్టావురా, కాదన్నదెవరు, నా చేతుల మీదే పుట్టావు," అన్నాను. "పెళ్ళయ్యాక మీ మామగారి వీధికి వెళ్ళావా లేదా? అక్కడ పొసగక మళ్ళీ వచ్చావా లేదా?"

"అదెప్పటి మాట పిన్నీ. వెళ్ళాను, వచ్చాను. దాన్ని వెళ్ళడం అంటారా?"

అప్పుడు నర్సు, ఆ గోడ మీద గీత మీ బీరువాదే కదండీ అంది. మెట్ల మలుపులో గోడకి అడ్డంగా పెద్ద గీత ఉంది. హారన్ తిరిగొచ్చిన రోజు వాడి బీరువా అక్కడ ఇరుక్కుపోయింది. పైవాళ్ళు కిందికి దిగలేక, కిందివాళ్ళు పైకి రాలేక, మధ్యాహ్నమంతా బీరువాకి అటూ ఇటూ నిలబడి కబుర్లు చెప్పుకున్నాం. ఆ రోజుని ఎవరు మర్చిపోతారు. అయినా హారన్ ఒప్పుకోలేదు. అది అద్దెకుండిన వేరే ఎవరిదో బీరువా అన్నాడు. చివరికి నోరు తెరిచింది ఎవరో తెలుసా, హారన్ వాళ్ళమ్మ. మొదటి అంతస్తులో తమ గుమ్మంలో కుర్చీ వేసుకుని కునుకు తీస్తోందని అనుకున్నాం అందరం.

"నువ్వు తిరిగొచ్చాక బకెట్టు మనింటికే కదరా వచ్చింది. నువ్వు కడిగావా, నీ పెళ్ళాం కడిగిందా? నేను కడిగాను. నడుం విరిగింది. ఈ వెల్డరు వాళ్ళు దిగిన రోజు నువ్వు వాళ్ళ పరుపు నెత్తిన పెట్టుకుని, ఈలేసుకుంటూ పైదాకా మోసుకెళ్ళావు. మళ్ళీ కడగాలంటే నా వల్ల కాదు, ఇప్పుడే చెబుతున్నా."

మైకు కుయ్యిమంది. అందరికీ ఆ పరుపు గుర్తొచ్చింది. కొత్తవాళ్ళని చూసి మా మేడలో ఎవరైనా గంతులేశారంటే అది ఈ సమితి అధ్యక్షుడే. హారన్ షెడ్డు వైపు చూశాడు. ఎర్ర రంగు అక్షరాలు ఇక్కడికే కనిపిస్తున్నాయి. కాసేపు గొంతు సవరించుకుని, ఈ విషయాన్ని ఇంకా లోతుగా ఆలోచించాలి, ఆవేశపడి ఎవరినీ పంపించడానికి వీల్లేదు అన్నాడు.

సరిగ్గా అప్పుడే మేడం తన వేదిక మనుషులతో గేటులోకి వచ్చింది. సాక్ష్యంగా పట్టుకెళ్ళిన బకెట్టుని కర్రకి కట్టి జెండాలా ఎత్తి పట్టుకున్నారు. వాళ్ళు నినాదం ముందే నేర్చుకుని వచ్చారు. పంపించడానికి వీల్లేదు, పంపించడానికి వీల్లేదు. వీళ్ళు అరుస్తుంటే మేమెందుకు తగ్గాలని సమితి వాళ్ళు లేచి ఇంకా గట్టిగా అందుకున్నారు, పంపించడానికి వీల్లేదు. రెండు గుంపులూ మొహంలో మొహం పెట్టి, పిడికిళ్ళు బిగించి, ఒకళ్ళ మాట ఒకళ్ళ మీదికి విసురుకున్నారు. మావాడు రెండు వైపులా నిలబడి అరిచాడు. గొంతులు పోయాక గానీ ఇద్దరిదీ ఒకటే మాటని ఎవరికీ తట్టలేదు.

ఒకటే మాట అయిపోయేసరికి ఇద్దరికీ చిన్నతనంగా అనిపించినట్టుంది. మేడం ముందు తేరుకుంది. ఉండనివ్వడం ఒక్కటే చాలదు, ఈ బకెట్టు పద్ధతిని రద్దు చేయాలి, ఇవాళే, ఇక్కడే అంది. హారన్ మొహంలో లెక్క తిరగడం నాకు పైనుంచే కనిపించింది. వాడికే కాదు, మెట్ల మీద అందరికీ తిరిగింది. బకెట్టు పద్ధతే లేకపోతే ఇక అది ఎవరి గుమ్మానికీ రాదు. ఎవరి గుమ్మానికీ రాకపోతే వెల్డరుని పంపించినా ఎవరికీ నష్టం లేదు. మేడం చెప్పింది బాగానే ఉందే అని ఒకాయన గొణిగాడు. రద్దు చేద్దాం, ఆ తర్వాత మన అసలు విషయానికి వద్దాం అన్నాడు ఇంకొకాయన. మేడం తన మాట నెగ్గిందని చేతులు జోడించింది. పాపం, ఆవిడకి ఏం జరుగుతోందో తెలీదు. వెల్డరుకి తెలిసింది. గోడకి ఆనుకున్నవాడు అలాగే జారి కూర్చున్నాడు.

ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటుండగా పక్కన చాప ఖాళీ అయింది.

వదిన దిగుతోంది. జిడ్డు మెట్లని తిట్టుకుంటూ, కూర్చున్నవాళ్ళ భుజాలు పట్టుకుని, తలలు పట్టుకుని దిగింది. గేటు దగ్గరికి వెళ్ళి ఆ కర్రని వంచి, ముడి విప్పి, బకెట్టు తీసుకుంది. మేడం, అమ్మా, ఇక మీకు ఆ అవసరం లేదమ్మా, మీకు విముక్తి అని చెయ్యి పట్టుకోబోయింది. వదిన ఆ చెయ్యి తోసేసింది.

"నాది," అంది.

తర్వాత తన భాషలో చాలా చెప్పింది. వెల్డరు లేచి, తలొంచుకుని, మన భాషలోకి మార్చాడు.

"ఇన్నాళ్ళు నేను కడిగాను అంటోంది. ఇంకొకళ్ళు వచ్చేదాకా కడిగి, వాళ్ళ చేతికి నా చేత్తో ఇవ్వాలి అంటోంది. మీరందరూ ఇచ్చారు కదా. నా దాకా వచ్చేసరికి రద్దు చేస్తారా అంటోంది. ఇచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళదట."

ఆ తర్వాత ఆవిడ మా అందరి మొహాల వైపు వేలు తిప్పి ఇంకో మాట అంది. అది మార్చే పని లేకపోయింది.

"మోసం."

కుళాయి తిప్పింది. బకెట్టు నిండింది. కింది మెట్టు నుంచి కడగడం మొదలుపెట్టింది. చీపురు తగిలేసరికి కింది మెట్టు మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకెత్తారు. ఆ పై మెట్టు వాళ్ళూ ఎత్తారు. ఆవిడ మా నర్సు కాళ్ళు ఎత్తించింది, గడియారాలాయన కొడుకు కాళ్ళు ఎత్తించింది, వేదిక మనుషులు పైకొచ్చి కూర్చుంటే వాళ్ళవీ ఎత్తించింది. హారన్ కి సందు దొరికింది. మైకు దగ్గరికి వెళ్ళి, చూశారా, మన సంప్రదాయాన్ని కాపాడుతున్నది ఎవరు, ఈ తల్లి, ఈవిడని పంపకూడదన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. చేతులు మోకాళ్ళ కింద పెట్టుకుని కాళ్ళు ఎత్తుకున్నవాళ్ళు చేతులెలా ఎత్తుతారు. సమితి కార్యదర్శి ఆ చిక్కు గమనించి, కాళ్ళెత్తినవాళ్ళని కూడా ఎత్తినవాళ్ళ కిందే లెక్క వేశాడు. మేడంతో సహా అందరూ ఎత్తినట్టే తేలింది. వెల్డరూ వాళ్ళమ్మా ఉండాలి అని తీర్మానం అయింది. కొత్తవాళ్ళ రాకకి నిరసనగా, అని సమితి వాళ్ళ తీర్మానంలో ఒక ముక్క కలుపుకున్నారు. కలుపుకోనివ్వండి.

సాయంత్రం రెండు సంఘాలూ గెలుపు ఊరేగింపులు తీశాయి. నేను వెళ్ళలేదు. వదిన రెండోసారి కడగడం అప్పటికింకా అవలేదు.

మేడం మాత్రం బాగా నొచ్చుకుంది. రెండు మూడు సార్లు వచ్చి వదినతో మాట్లాడబోయింది. వదిన పేకముక్కలు చూపించింది. చివరికి మేడం నా దగ్గర కూర్చుని, బయటి నుంచి వచ్చి చెబితే ఎవరూ వినరు బామ్మగారూ, మనుషుల మధ్య ఉండి మార్చాలి, మీ మేడలో ఏదైనా గది ఖాళీగా ఉందా అని అడిగింది. ట్యాంకు అవతలి గది ఖాళీగానే ఉంది.

"ఉంది తల్లీ," అన్నాను. "బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించాల్సిందేముంది బామ్మగారూ. ఇది సిద్ధాంతం."

మంచిదేగా అన్నాను.

ఆవిడ సామాను దిగిన రోజు వదిన తెల్లారకముందే గేటు దగ్గర నిలబడింది. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుంది. పుస్తకాల పెట్టెలు తనే ఎత్తుకుంది. వెల్డరు వద్దంటున్నా వినకుండా, మేడం పరుపు ఒక చివర తను పట్టుకుంది. రెండో చివర పట్టుకోవడానికి పిలవకుండానే వచ్చినవాడు హారన్. సమితి అధ్యక్షుడు ఈలేసుకుంటూ వేదిక మేడం పరుపు మోశాడు. వదిన గుమ్మం కన్నా కొత్త గుమ్మం ఇంకోటి వచ్చింది కదా, వదిన వెళ్ళిపోతే తన మీద పడే వంతు వాడికి ఇంకాస్త దూరం జరిగింది. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఈ మేడలో ఇంత ప్రేమ ఉందని అనుకోలేదు బామ్మగారూ అంది. వదిన ఆవిడ తుడుచుకోవడం అయ్యేదాకా ఆగింది. తర్వాత లోపలికెళ్ళి బకెట్టు తెచ్చి, గుడ్డ మడిచి దాని మీద వేసి, రెండు చేతులతో అందించింది.

"నీది," అంది. ఈ మాట ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలీదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు మళ్ళీ పేక వేస్తున్నాం. మేడం కాలేజీ నుంచి వచ్చి కడుగుతుంది, కింది నుంచి పైకి. నేర్పింది వదిన మరి. మా దగ్గరికి వచ్చేసరికి మేం చాప ఎత్తి పట్టుకుంటాం. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని, కాసేపు కిటికీలోంచి వీధి వైపు చూస్తుంది, ఏ బండైనా ఆగుతుందేమో అని. నిన్న అలా చూస్తూ చూస్తూ, మీకు తెలిసినవాళ్ళెవరికైనా గది కావాలా బామ్మగారూ, ఎవరైనా పరవాలేదు అని అడిగింది. కనుక్కుంటానన్నాను. ఈలోగా వదిన తొడ కిందికి రాణి వెళ్ళిపోయింది.